పళ్లెంలో పచ్చ పొట్లాలు

పొద్దున్నే రాహేలు అన్నాన్ని గంజిలో మెత్తగా మెదిపి భర్తకు తాపింది. ప్రకాశం నోట్లో ఇప్పుడు చిన్న చెంచా కూడా పట్టదు. హమాలీ పని చేసినన్నాళ్లు ఆకలి తెలియదని దవడలో గుట్కా పెట్టుకున్నాడు. ఆ దవడలే బిగుసుకుపోయాయి.

ఆ రోజు కూతురు క్రిస్టినాకు పెళ్లి మాట ఖాయం చేసుకునే రోజు. పాపన్నపేట నుంచి వియ్యాలవారు వచ్చారు. పాస్టరు ప్రార్థన చేశాడు, భోజనాలయ్యాయి. ఇక ఆకువక్క పళ్లెం తిరగాలి. అందులోంచి ముందు ఇంటి పెద్ద తీసుకుంటేనే మాట నిలిచినట్టు.

కొడుకు అనూప్ పళ్లెం తెచ్చాడు. ఆకుల నడుమ పచ్చగా మెరిసే పొట్లాలు కుప్పగా పోసి ఉన్నాయి.

"ఇవేందిరా?" అంది రాహేలు.

"మా కంపెనీ కొత్త గుట్కా అమ్మా, పుదీనా వాసనది. ఉట్టిగనే ఇచ్చిండ్రు. ఫోటో దించి పంపితే సార్ నన్ను సూపర్‌వైజర్ చేస్తడట."

"మీ సార్ ఆఫీసర్ల కాలనీల గూడ పంచమన్నడా?"

"ఆడెవరు తింటరు? మన వాడల, హమాలీల అడ్డా కాడ, మొన్న తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు పెడితే ఆడ పంచినం."

"మరి నిన్నెందుకు పెట్టుకున్నరు?"

"మనోడు చెప్తే మనోళ్లు ఇంటరని."

రాహేలు గొంతు పెరగలేదు, గట్టిపడింది. "బయటోడు పెడితే అనుమానపడుతరు. ఇంటి పిలగాడు పెడితే కండ్లకద్దుకుంటరు. గందుకే నిన్ను పట్టిండ్రు."

"మంది ముందల పంచాయితి ఎందుకమ్మా?"

వియ్యపురాలు ఎలిశిబా నవ్వింది. "పళ్లెం తిప్పుండ్రి వదినె, బస్సు పోతది. తిరగకుంటే పిల్లను ఇడిచిపెట్టి పోతం మరి."

"తిరుగుతది వదినె. అరేయ్, ముందు మీ నాయినకు పెట్టు."

కొడుకు సిగ్గుపడి ఆగుతాడనుకుంది రాహేలు. ఈలోపే ప్రకాశం చెయ్యి చాపాడు. వద్దంటే బిడ్డ సంబంధం చెడుతుందని భయపడ్డాడేమో, పొట్లం చింపి నోటి దగ్గర పెట్టుకున్నాడు. పెదాలు విడివడ్డాయి గాని పళ్లు విడివడలేదు. పొడి కొత్త అంగీ మీద రాలింది. వేలితో లోపలికి తోయబోయాడు. మంటకు కళ్ల నీళ్లు కారుతున్నా చెయ్యి ఆపలేదు.

"వద్దు నాయినా," అనూప్ ఆ చేతిని పట్టేసుకున్నాడు.

"బిడ్డ మాట… ఖాయం గావాలె గద," అన్నాడు ప్రకాశం పళ్ల సందులోంచి.

ఎలిశిబా నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి పళ్లెంలోంచి ఒక్క ఆకు తీసి కొంగున ముడేసుకుంది. "ఖాయమే అన్నా. ఇగ ఏం తినకు."

అనూప్ తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ప్రకాశం వాడి వీపు నిమిరాడు.

"మీ నాయిన మాఫ్ చేస్తడు. నేను చెయ్య," అంది రాహేలు. "రేపు నాతోని రా. ఏ ఇంట్ల పంచినవో గా ఇంటి ముందల నిలబడి, మా నాయిన నోరు గిట్లయిందని నీ నోటితోనే చెప్పాలె."

"వస్తనమ్మా."

రాహేలుకు కోపం తగ్గలేదు. అయినా వంగి, చెంగుతో ముందు కొడుకు కళ్లు తుడిచింది.