సెవెంటీ త్రీ చెప్పని సాయంత్రం

మా ఇల్లు కొత్వాల్‌గూడలో. మేడ మీది గదిలో దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడే నా హ్యామ్ రేడియో సెట్, కిటికీ బయట ఏంటెన్నా తీగ. దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో విమానం దిగినప్పుడల్లా బల్ల మీద చాయ్ గ్లాసు సన్నగా వణుకుతుంది.

చుక్కలు, గీతల కూతలతో మాట్లాడే మోర్స్ కోడ్ నాకు నేర్పింది లక్ష్మణ్ సార్. బడంగ్‌పేట్‌లో ఉండేవారు, రిటైరైన వైర్‌లెస్ ఆపరేటర్. రేడియోవాళ్ల భాష ఆయన నోటనే వినాలి. ఎవరైనా చనిపోతే "సైలెంట్ కీ అయ్యిండు" అనేవారు. సెలవు తీసుకునేటప్పుడు "సెవెంటీ త్రీ" అనేవారు.

"మీరు చాటింగ్‌ల బీఆర్‌బీ అని కొడ్తరు గద, ఇప్పుడే వస్త అని? మేము స్టాండ్ బై అంటం. కానీ సెవెంటీ త్రీ చెప్పకుంట లేవొద్దు బిడ్డా. తలుపు తెరిచి పెట్టి పోయినట్టయితది."

ఒక రోజు రేడియోలో మాట్లాడుతూ మాట్లాడుతూ "అర్షియా, ఒక్క నిమిషం. స్టాండ్ బై" అన్నారు. పది నిమిషాలు చూశాను. కింద నుంచి అమ్మీ అన్నానికి పిలిచింది. సెవెంటీ త్రీ చెప్పకుండానే విసుగ్గా సెట్ కట్టేసి వెళ్లిపోయాను. సరిగ్గా అప్పుడే సార్ గుండె ఆగిందని మర్నాడు మా రేడియోవాళ్ల వాట్సాప్ గ్రూపులో చదివాను.

నెల దాటింది. ఒక సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజాన్ అప్పుడే అయింది. వాన. కరెంటు పోయింది. సెట్ బ్యాటరీ మీద నడుస్తోంది. హిమాయత్‌సాగర్ వైపు నుంచి తడి బురద వాసన గదంతా నిండింది. స్పీకర్‌లో గరగర... దాని అడుగున సన్నగా కూత. మోర్స్.

చేతిరాతలాగే మోర్స్ కొట్టే చెయ్యి కూడా ఎవరిది వారిదే. చివరి గీతను కాస్త సాగదీయడం సార్ అలవాటు. ఆ చెయ్యి నా పేరు కొడుతోంది. మళ్లీ... మళ్లీ...

ముందు నాకు భయం వేయలేదు. సిగ్గేసింది. "మాఫ్ చెయ్యండి సార్" అని గొణిగి, మోర్స్ కీ మీద వేలు పెట్టి కొట్టాను. సెవెంటీ త్రీ.

గరగర కూడా ఆగిపోయింది.

తర్వాత జవాబు వచ్చింది. ఈసారి చివరి గీత సాగలేదు. అది వేరే చెయ్యి. ఒక్కో అక్షరం కాగితం మీద రాసుకున్నాను.

లక్ష్మణ్ లేడు. నువ్వు తలుపు తెరిచి పెట్టి పోయిన రోజు నుంచి నేనున్నా.

సెట్ కట్టేశాను. బ్యాటరీ తీగలు పీకేశాను. చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. 

ఫోన్ మోగింది. జల్‌పల్లిలో ఉండే జీవన్ అన్న, మా రేడియో గ్రూపు మనిషి.

"రేడియోల ఎవరితోని చెల్లె అంత ముచ్చట? జర ఆపు, మాకు గూడ చాన్స్ ఇయ్యి."

"నేనా? సెట్ బంద్ చేసి పది నిమిషాలైంది అన్నా."



"మరి... గిది నీ గొంతే గద?"

ఫోన్‌ను తన రేడియో దగ్గర పెట్టాడు.

వాన చప్పుడు. దాని వెనక నా గొంతు. తీరిగ్గా, నవ్వుతూ ఎవరికో మా ఇంటికి దారి చెప్తోంది... మసీదు గల్లీ... నీలం గేటు... మెట్లెక్కితే పైగది, గొళ్లెం లేదు...

అవతల ఎవరో ఏదో అడిగారు. గరగరలో మాటలు తెలియలేదు.

నా గొంతు నవ్వింది.

"అందరు రండి."