కుడి సొరంగంలో ఎర్ర చుక్క

ఆగండి. ఫ్యాన్ ఆపి, చెవులు రిక్కించి వినండి. ఏమీ వినపడలేదా? శ్రీరాంపూర్ దగ్గర బొగ్గు గని పైకప్పు లోపల రాయి పగులుతోంది! ఆ చప్పుడు మన చెవికి అందదు. రాతికి బిగించిన సెన్సార్లకే అందుతుంది. ఏ సెన్సార్‌కు ముందు చేరిందో చూసి, పగులు ఎక్కడుందో లెక్కగట్టి కంప్యూటర్ స్క్రీన్ మీద ఎర్ర చుక్క పెడుతుంది.

ముందురోజు, జమ్మికుంట పత్తి మార్కెట్. వ్యాపారి వేషంలో ఉన్న గూఢచారి ఏజెన్సీ చీఫ్ భూమన్న గొంతు తగ్గించాడు.

"యెషయా, గీ సెన్సార్లు మనోళ్లు తయారు జేసినయ్. గనిల ఫెయిలైనయనుకో, సరిహద్దు సొరంగాలకు మన సర్కారోళ్లు విదేశీ ముఠా అమ్మే మిషన్లే కొంటరు. గప్పుడు మన సైన్యం అడుగుల సప్పుడు వాళ్లింటరు."

"ఫెయిల్ ఎట్ల జేస్తరు సార్?"

"లోపలున్నోళ్లు సస్తె ఫెయిలైనట్టే గదా."

మర్నాడు టెక్నీషియన్ వేషంలో యెషయా గనిలోకి దిగాడు. రెండు సొరంగాలు చీలే చోట, కంప్యూటర్ ముందు కోమల! ఒకప్పుడు ఏజెన్సీలో అతని పార్ట్‌నర్. ఇప్పుడు ఈ గనికి కన్సల్టెంట్. హెల్మెట్ పెట్టుకున్నా లిప్‌స్టిక్ చెదరలేదు.

"ఎడమ సొరంగంల పగుళ్లున్నయ్. అందర్ని కుడి దిక్కు పంపిన," అంది. "ఏంది యెషయా, ఇంక పెండ్లి గాలేదా?"

"నీ అసొంటిది మల్ల దొర్కలే. దేవునికి స్తోత్రం."

యెషయా గ్యాడ్జెట్ తీశాడు. మెకానికల్ పెన్సిల్! కుడి సొరంగం మొదట్లోని సెన్సార్ పక్కన రాతికి ములుకు ఆనించి విరిచాడు. టక్! సెన్సార్‌కు అది కూడా పగులే. స్క్రీన్ మీద చుక్క వెలిగింది.

ఎడమ సొరంగంలో!

రెండు సొరంగాల సెన్సార్ కేబుళ్లు తారుమారు చేశారు. అంటే కూలబోయేది కుడి సొరంగం!

యెషయా గని ఫోన్ లాక్కుని కుడి సొరంగంలోని కార్మికుల మేస్త్రీకి కలిపాడు. "రాయమల్లన్నా! అందర్ని దీస్కొని బయటికి ఉరుకు!"

"గిప్పుడే గదా ఈడికి పంపింది? మేం మనుషులమా, మేకలమా?"

"కప్పు కూలుతది! ఉరుకన్నా!"

బయటికి పరుగెత్తే గుంపును తోసుకుంటూ కోమల లోపలికి దూసుకుపోయింది. ఆ చివర ఇంకో దారి ఉంది. అక్కడ ఆమె కోసం ముఠా జీపు. చివరగా రాయమల్లు ఇవతల కాలు పెట్టాడు. వెనకే పైకప్పు కూలింది.

దుమ్ములో దగ్గుతూనే యెషయా కేబుళ్లు సరిచేశాడు. స్క్రీన్ మీద ఒకేచోట ఒక చుక్క. ఆరుతోంది, వెలుగుతోంది. శిథిలాల వెనక కోమల రాయితో గోడను కొడుతోంది. ఆమెకూ వీళ్లకూ మధ్య కొత్త పగుళ్ల చుక్కలు.

"మనల సంపజూసినదాని కోసం పోతవానె, అన్నా?" అని అరిచాడు కార్మికుల్లో ఒకడైన హనుమండ్లు.

"మనిషే గదరా," అంటూ రాయమల్లు హెల్మెట్ బిగించి యెషయా వైపు తిరిగాడు. "జర సెప్పు సార్. పోవాల్నా, వద్దా?"

ఆపరేషన్ సక్సెస్ అని చీఫ్‌కు చెప్పడానికి ఇంక ఏ అడ్డూ లేదు, ఆ ఒక్క చుక్క తప్ప.

మీరైతే రాయమల్లును లోపలికి పంపిస్తారా?