రెండో ఓకే

"ధర్మవరం సరుకు దిగిందా?"

"దిగింది. రంగు పోయేది మాత్రం మీకివ్వం."

కోడ్‌వర్డ్ సరిపోయింది. చిక్కపేటలోని ఆ చీరల హోల్‌సేల్ దుకాణంలో గుమస్తా పక్కకు తప్పుకున్నాడు. బేళ్ళ మధ్య సందులోంచి కౌశల్ వెనక గదిలోకి నడిచాడు. పన్నెండేళ్ళుగా దేశం కోసం అబద్ధాలాడుతున్న సీక్రెట్ ఏజెంట్ అతడు. మనుషుల మీద అతడికి పెద్ద అభిప్రాయమేమీ లేదు, ఒక్క తన మీద తప్ప.

గదిలో డిప్యూటీ డైరెక్టర్ హేమలత ఒక ఫొటోను బల్ల మీద జరిపింది.

"అనూష. డ్రోన్ల కంపెనీలో డిజైన్ ఇంజినీర్. ఆ డిజైన్లు కొనాలని ఒక విదేశీ ముఠా వచ్చింది. మన ఫైల్లో దాని పేరు ఆర్కిడ్. ఈ అమ్మాయి అమ్ముడుపోలేదు. పైగా వాళ్ళను గుర్తుపడతానని ముందుకొచ్చింది. సోమవారం కోర్టులో సాక్ష్యం."

"అప్పటిదాకా?"

"చందాపురలో మన సేఫ్‌హౌస్‌లో ఉంటుంది. ఆర్కిడ్ ఊరంతా గాలిస్తోంది. దొరికిందా, చంపేస్తారు."

"నా టార్గెట్ ఎవరు?"

హేమలత గొంతు సవరించుకుంది. "బెంగళూరు తెలుగోళ్ళం అని ఒక ఆన్‌లైన్ కమ్యూనిటీ ఉంది. నువ్వు అందులో వాలంటీర్ స్టాఫ్‌గా చేరాలి."

కౌశల్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మానేశాడు.

"లక్షల మంది మెంబర్లు," అందామె. "సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, మెస్సుల్లో వంటవాళ్ళు, సైట్లలో కూలీలు. ప్రతి వీధిలో మన డిపార్ట్‌మెంటుకు లేని కళ్ళు వాళ్ళకున్నాయి. స్టాఫ్‌లో ఒకడు ఆర్కిడ్ మనిషని మన సోర్స్ వరూధిని చెబుతోంది. ఆమె కూడా అక్కడ వాలంటీరే. రెండేళ్ళుగా ఆర్కిడ్‌లో ఉంటూ మనకు సమాచారం ఇస్తోంది. గట్టి మనిషిని పంపమంది. నీ పేరు చెప్పి మరీ అడిగింది."

అడగదా మరి, అనుకున్నాడు కౌశల్.

అతికించిన గడ్డం, కెమెరా దాచిన కళ్ళజోడు, నంద్యాల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ టెస్టర్ చందు అనే కొత్త పేరు. ఇంత సరంజామాతో అతడు నగర్తపేటలో ఓబులేసు హార్డ్‌వేర్ దుకాణం మెట్లెక్కాడు. కమ్యూనిటీ హెడ్ అడ్మిన్ ఓబులేసే. తాతల నాడే బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. మేడ మీద గదిలో, పెయింటు డబ్బాల మధ్య, ఇంటర్వ్యూ జరిగింది.

"ఏమప్పా, నీకెందుకీ పని? జీతం లేదు. తిట్లు మాత్రం దండిగా ఉంటాయి."

"సమాజానికి ఏదో చేయాలని సార్."

"అందరూ అదే చెప్తారు. మూడో వారానికి ఒగడూ కనపడడు." ఓబులేసు ఫోను ముందుకు తోశాడు. "చూడు, ఈడ పద్ధతి ముందే గొత్తుంటే, తెలిసుంటే బాగుంటాది. తప్పిపోయినోళ్ళ పోస్టు వస్తే ఇద్దరు ఓకే కొడితేనే పోతాది. రెండో ఓకే కొట్టేవాడు ఆ ఇంటోళ్ళకి ఫోన్ చేయాల. ఏ ఊరు, ఎవరి బిడ్డ, యాడ చదివింది, అన్నీ అడగాల. అబద్ధమాడేవాడు నాలుగో ప్రశ్నకి దొరుకుతాడు."

"అంత అవసరమా సార్?"

"ఒగసారి ఒగడు పెండ్లాన్ని కొడితే ఆ యమ్మ పారిపోయింది. తప్పిపోయిందని పోస్టు పెట్టినాడు. మేం అడక్కుండా వేసినాం. మనోళ్ళు పాపం వెదికి పట్టిచ్చినారు." ఓబులేసు ఒక పెయింటు డబ్బా మూత గట్టిగా నొక్కాడు. "ఆ పొద్దు నుంచి ఇదీ పద్ధతి. తప్పు జరిగితే, ఓకే కొట్టినోడే లైవ్‌లో ముఖం చూపించి నా తప్పని చెప్పుకోవాల."

కౌశల్ గంభీరంగా తలూపాడు. లోపల నవ్వుకున్నాడు. ఆ క్షమాపణల వీడియోలన్నీ తర్వాత తీరిగ్గా చూశాడు కూడా. ప్రియాంక అనే మోడరేటర్ కరెంటు కోత వేళ తప్పు చెప్పినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పగలంతా ఐటీ కంపెనీలో చాకిరీ చేసి, ఇంటికొచ్చి ఉచితంగా ఇంకో చాకిరీ! దోసె ఫొటో తిండి విభాగంలోకి వెళ్ళాలా, ఊరి కబుర్లలోకి వెళ్ళాలా అని వీళ్ళు గంటలకొద్దీ వాదించుకునేవారు. ఈ గుంపులో గూఢచారి ఉన్నాడంటే, పాపం, వాడు ఏ నేరానికి ఈ శిక్ష అనుభవిస్తున్నాడో అనిపించింది కౌశల్‌కు.

ఒక్క వరూధిని మాత్రం మనిషిలా కనిపించింది. పట్టుచీర, సన్నటి పరిమళం, తొణకని నవ్వు. పెద్ద ఈవెంట్ కంపెనీ నడుపుతుంది. మీటింగ్ అయ్యాక మెట్ల మీద అతడి గడ్డం వైపు చూసి, "జిగురు ఊడుతోంది ఏజెంట్‌గారూ," అని గుసగుసగా అంది.

"ఆర్కిడ్ మనిషి ఎవరు?"

"ఓబులేసు మీద కన్నేసి ఉంచండి. ఆ నిబంధనలన్నీ ఎందుకనుకున్నారు?"

కౌశల్ నమ్మాడు. తన స్థాయి మనిషి చెప్పిన మాట కదా! ఆ వారమంతా ఓబులేసు దుకాణంలో మైకులు దాచాడు. మేకుల ధరలు, గొళ్ళేల ధరలు తప్ప ఏమీ వినపడలేదు.

ఆదివారం ఉదయం వరూధిని నుంచి మెసేజ్ వచ్చింది. "ఓకే కోసం ఆగిన పోస్టుల క్యూ నిండిపోయింది. నా ఓకేలన్నీ పడ్డాయి. మీరు కూడా కొట్టేస్తే ఈ గోల వదులుతుంది."

అద్దె గదులు, పాత మంచాలు, తప్పిపోయిన కుక్కలు, తప్పిపోయిన మనుషులు. కౌశల్ ఒక్కటీ తెరవలేదు. అన్నిటినీ ఒకేసారి సెలెక్ట్ చేసి ఓకే నొక్కాడు. ఫోన్ చేసి ఏ ఊరమ్మా మీది అని అడగడానికి తనేమైనా పనీపాటా లేనివాడా?

స్టాఫ్ మీటింగ్‌కు వెళితే ఓబులేసు, ప్రియాంక ఇద్దరే ఉన్నారు. వరూధినికి తలనొప్పట. టీ సగం తాగేసరికి ప్రియాంక తల ఎత్తింది.

"చందూ, ఈ అనూష పోస్ట్ మీరే అప్రూవ్ చేశారు కదా? సూపర్ రెస్పాన్స్. అప్పుడే వేలల్లో షేర్ అయింది."

కౌశల్ ఫోను లాక్కుని చూశాడు. హేమలత బల్ల మీద చూసిన ముఖమే. కింద రాత: "మా చెల్లెలు అనూష. మతి స్థిమితం లేదు. ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. అరిచినా, ఏం చెప్పినా నమ్మకండి. కనిపిస్తే స్టాఫ్‌కు చెప్పండి." దాని కింద రెండు ఓకేలు. ఒకటి వరూధినిది. రెండోది చందుది.

అప్పుడు తెలిసొచ్చింది అతడికి. వరూధిని తన పేరే ఎందుకడిగిందో తెలిసొచ్చింది. ఈ స్టాఫ్‌లో ఎవరైనా సరే ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలడుగుతారు. అడగనివాడు కావలసొచ్చాడు ఆమెకు. గట్టి మనిషి అక్కర్లేదు, పొగరుబోతు చాలు. డిపార్ట్‌మెంట్ వెతికి వెతికి సరైనవాడినే పంపింది.

స్టాఫ్ ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్ ఉంది. చందాపురలో మెస్ నడిపే ఆదెమ్మ పంపింది. ఈ పాప మా బిల్డింగు పై అంతస్తులో ఉండాది అని, అడ్రసుతో సహా. వరూధిని అప్పటికే చదివేసినట్టు పక్కన గుర్తు ఉంది.

సేఫ్‌హౌస్ గార్డుకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. సాక్షిని కాపాడే ఆ మహానుభావుడు బిర్యానీ క్యూలో నిలబడ్డాడని తర్వాత తేలింది. హేమలతకు చేశాడు. టీమ్ బయల్దేరింది కానీ హోసూరు రోడ్డు మీద ఇరుక్కుంది. స్టేషన్ పోలీసులు దారిలో ఉన్నారు. బెంగళూరులో ఆ మాటకు అర్థం లేదు.

కౌశల్ నేనెవరో తెలుసా అంటూ అంతా కక్కేశాడు. ప్రియాంక నోరు తెరిచింది. ఓబులేసు తెరవలేదు. ఆదెమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఆదెమ్మా, ఆ పాపని ఎవరికీ ఇవ్వొద్దు!"

"ఏందన్నా అట్లంటావు?" వెనక పెద్ద గోల వినబడుతోంది. "వాళ్ళక్క వచ్చిండాది, పట్టుచీర కట్టుకోని. అంబులెన్స్ తెచ్చినారు. ఆ పిల్ల ఒగటే అరుస్తా ఉండాది, నన్ను చంపుతారని. పోస్టులో రాసినట్టే ఉండాది అన్నా. పక్క సైటులో కూలోళ్ళందరూ వచ్చినారు, పట్టుకోని కిందికి తెస్తా ఉండారు."

"అది అబద్ధం పోస్టు!"

"మీ స్టాఫే గదన్నా, రెండు ఓకేలు కొట్టింది? నువ్వు ఓబులేసన్నవో కాదో నాకెట్ల తెలుస్తాది? ఫోన్లో ఎవరన్నా చెప్తారు." లైను తెగిపోయింది.

"పోస్టు తీసెయ్యండి!" కౌశల్ అరిచాడు.

"తీసేస్తే ఏమయితాది? స్క్రీన్‌షాట్లు తిరుగుతానే ఉంటాయి." ఓబులేసు అతడి కళ్ళలోకి చూశాడు. "ఓకే కొట్టినోడు ముఖం చూపించి చెప్తేనే మావాళ్ళు నమ్మేది. లైవ్‌కి రా."

ఇంకో ఫోనులో హేమలత ఇంకా లైనులోనే ఉంది. "కౌశల్, లక్షల మందికి నీ ముఖం తెలిస్తే ఫీల్డులో నీ బతుకు అయిపోయినట్టే. అది నేను ఆర్డర్ వేయలేను."

పన్నెండేళ్ళు ఎవరికీ కనబడని ముఖం. అతడికున్న ఆస్తి అదొక్కటే. అక్కడ తన బద్ధకానికి, తన పొగరుకు ఒక పిల్లను అంబులెన్స్‌లోకి ఈడుస్తున్నారు. ఆమె అరుపును నమ్మొద్దని తన ఓకేతోనే జనానికి చెప్పాడు.  లైవ్ నొక్కాడు.

"నా పేరు చందు కాదు." గడ్డం పట్టుకుని లాగాడు. చర్మం కూడా వస్తుందేమోనన్నంత మంట. కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు. "ఇదీ నా ముఖం. నా పేరు కౌశల్. అనూష పోస్టుకు రెండో ఓకే నాదే. నేను చదవలేదు. ఫోన్ చేయలేదు. ఏ ఊరని అడగలేదు. మీరంతా నాకు లెక్కలేనివాళ్ళు, అందుకని. అక్కడున్న అక్క అక్క కాదు, ఆ పిల్లను చంపడానికి వచ్చింది. ఆ పిల్లకు పిచ్చి లేదు. ఆమె చెప్పేదే నిజం. చందాపురలో ఎవరున్నా ఆ బండిని ఆపండి. తప్పు నాది."

కామెంట్లు వరదలా పడ్డాయి. సగం బూతులు. వాటి మధ్య ఒకటి: "ఆదెమ్మక్కకు చూపిస్తా ఉండా. గణేశ్, వాటర్ ట్యాంకర్."

ఆపై ఆ గణేశే వీడియో కాల్‌లోకి వచ్చాడు. అంబులెన్స్ తలుపు సగం మూసుకుంది. లోపల ఒకడి చేతిలో సిరంజి, అనూష భుజానికి బెత్తెడు దూరంలో ఉంది. గేటుకు అడ్డంగా నీళ్ళ ట్యాంకర్ నిలబడి ఉంది. గణేశ్ తాళంచెవి జేబులో వేసుకుని దిగేశాడు. ఆదెమ్మ సిరంజివాడి చేయి రెండు చేతులా పట్టుకుని వెనక్కి విరుస్తూ, "ఏ ఊరప్పా మీది? చెప్పు, మీ నాయన పేరేంది?" అని అడుగుతోంది. వాడికి తెలుగు రాదు. పాపం, ఆర్కిడ్ కోట్లు ఖర్చుపెట్టి మనిషిని తెచ్చుకుంది కానీ ఊరిపేరు నేర్పలేదు.

వరూధిని పర్సులోంచి ఐడీ కార్డు తీసింది. "నేను గవర్నమెంట్ మనిషిని!"

"ఇంగొగ ఓకే తెచ్చుకో పో," అంది ఆదెమ్మ. సైటు కూలీలు వరూధిని చుట్టూ గోడలా నిలబడ్డారు. పర్సులో పిస్టల్ ఉంది. అంతమందిలో చేయి కదిపే చోటు లేక అది పర్సులోనే ఉండిపోయింది. పోలీసులు, వాళ్ళ వెనకే బిర్యానీ పొట్లంతో గార్డు, తీరిగ్గా వచ్చారు.

సోమవారం అనూష కోర్టులో నలుగురిని వేలు పెట్టి చూపించింది.  ఆర్కిడ్ దుకాణం కట్టేసింది.

హేమలత కౌశల్‌ను పిలిచి కుర్చీ చూపించింది. ఇక అతడికి మిగిలేది కుర్చీలేనని ఇద్దరికీ తెలుసు. గడ్డం పీకే వీడియోను ఊరంతా చూసింది.

బయటికొచ్చి ఆటో ఆపాడు. డ్రైవరు తలతిప్పి చూసి, పక్క ఆటోవాడికి కేకేశాడు. "రేయ్, చూడరా, తప్పు సారు వచ్చినాడు!"

పాస్‌పోర్టుకొకటి చొప్పున ఎన్నో పేర్లు డిపార్ట్‌మెంట్ పెట్టింది, మళ్ళీ తీసేసింది. ఇది జనం పెట్టిన పేరు. ఇక చచ్చేదాకా మారదు.