రొజాల్బా కోసేసిన అంజూర చెట్టు

మే నెల ఆదివారం పొద్దున్నే, కాఫీ ఇంకా పొయ్యి మీద ఉండగానే, కోసిమో కూతురి పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. టొరంటోలోని తన పాత ఇల్లు అమ్మేసినప్పుడు తవ్వి తెచ్చిన అంజూర చెట్టు అక్కడ మోడై ఉంది.

"నీ చేత్తోనే చంపావు. ఇన్నేళ్లూ నేనొక్క కొమ్మ కొయ్యలేదు. నీ ఇంటికి తెచ్చిన రోజే సగం కొట్టేశావు."

"సగం వేళ్లు అక్కడే తెగిపోయాయి కదా నాన్నా. మిగిలినవి అంత చెట్టుకి తిండెలా పెడతాయి? ముందు కాఫీ తాగు," అంది రొజాల్బా.

"నాకొద్దు నీ కాఫీ. చెట్టుని ఆడపిల్లకిచ్చాడని నా పేకాట మిత్రులంతా నవ్వుతున్నారు."

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. చలికాలానికి ముందు, మంచుకి మాడిపోకుండా చెట్టును గోతిలోకి వంచి, చెక్కలూ ఎండుటాకులూ మట్టీ కప్పి పసిబిడ్డలా పడుకోబెట్టింది తనే. మార్చిలో సెయింట్ జోసెఫ్ పండగనాడు, తను పనికి వెళ్లినప్పుడు, ఈ పెద్దమనిషి వచ్చి దాన్ని లేపి నిలబెట్టాడు. తర్వాత మంచు కురిసి కొమ్మలన్నీ మాడిపోయాయి. ఇన్నాళ్లూ ఆమె పల్లెత్తు మాట అనలేదు.

ఆమె రంపం తెచ్చింది. "మొదలంటా కోస్తాను. వేళ్లు బతికే ఉన్నాయి."

కోసిమో రంపం పట్టుకున్నాడు. "ముందు నన్ను కొయ్యి."

"పండగనాడు దీన్ని లేపిందెవరు నాన్నా?"

ముసలాయన మొహం పాలిపోయింది. "అక్కడ ఏటా ఆ రోజే లేపేవాణ్ణి. చలిగాలికి ఇటుక గోడ అడ్డుండేది. ఇక్కడ గోడ లేదన్న సంగతే తట్టలేదమ్మా," అన్నాడు మెల్లగా. రంపం వదిలేసి వెళ్లిపోయాడు.

ఆమె ఏడుస్తూనే కోసింది.

జూన్‌లో మట్టిని చీల్చుకుని చిగుళ్లొచ్చాయి. ఎండాకాలమంతా పోటీపడి పెరిగి ఆమె భుజాలు దాటాయి. సెప్టెంబరు చివర్లో కాయలు మెత్తబడి తలలు వాల్చాయి. కోసిమో మొదటి పండు విప్పి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, ఇంకోటి కోసుకున్నాడు. మర్నాడు పళ్లెం నిండా కోసుకుని పేకాట మిత్రుల దగ్గరికి పట్టుకెళ్లాడు.

"మా అమ్మాయి చెట్టుని మొదలంటా కోసిపారేసింది. నా పెరట్లో ఇంత తియ్యటి పండు కాసిందా ఎప్పుడైనా? ఇప్పుడు నవ్వండి," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ఆకులు రాలాక గునపం భుజాన వేసుకుని వచ్చాడు. జీవితంలో ఎవరి సలహా అడగని మనిషి, చెట్టు పక్కన నిలబడి కూతురి కోసం చూశాడు.

"ఎటు వంచమంటావమ్మా?"

రొజాల్బా వచ్చి పక్కన నిలబడింది. చేత్తో తూర్పువైపు చూపించింది. కోసిమో ఆ వైపే గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.