రికార్డు గదిలో మూడో పిలుపు

ఆ కోర్టు భవనంలో నేలకింద ఉన్న రికార్డు గదికి చెడ్డపేరుంది. సాయంత్రం ఐదున్నర దాటితే అందులోకి ఎవరూ దిగరు. దిగితే కేసు నంబర్లు వినిపిస్తాయట. బొంగురు గొంతు... ఒక్కో నంబరు మూడుసార్లు. ఆ గొంతు ఏ నంబరు మూడోసారి పిలిస్తే ఆ కేసు పోతుందట.

నవ్వకండి. వాచ్‌మన్ అలా తన చెవిన పడ్డ నంబర్లు అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. పదకొండు. పదకొండూ పోయాయి.

ఇది మా పెద్దమ్మ కూతురు చెప్పిన సంగతి. అక్క ఆ కోర్టులోనే జడ్జి గారి దగ్గర పనిచేసే లాయరు. వాదించే లాయరు కాదు. లాయరును పెట్టుకునే స్తోమత లేక తమ కేసు తామే చెప్పుకునేవాళ్ళ అర్జీలు చదివి, వీళ్ళడిగేది ఇదీ, చట్టం చెప్పేది ఇదీ అని జడ్జి గారికి నోటు రాయాలి. ఆ అర్జీదార్లకు మాత్రం ఒక్క ముక్క సలహా చెప్పకూడదు. చెబితే పక్షపాతం. ఎదుటివాడు ఇద్దరు లాయర్లను వెంటేసుకొస్తే అది మాత్రం పక్షపాతం కాదు.

అలాంటివాళ్ళు కూలి పోగొట్టుకోకుండా రావచ్చని సాయంత్రం కోర్టు పెట్టారు. ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. దానికి ఒక ముసలి బంట్రోతు ఉండేవాడు. గుమ్మంలో నిలబడి పిలిచాడంటే వీధి చివరిదాకా వినపడేది. ఎనిమిది నెలల కిందట పోయాడు. ఆ ఉద్యోగం ఇంకెవరికీ ఇవ్వలేదు. కింద గొంతు మొదలైంది ఆ నెలలోనే.

"జీతం ఆపేసినా డ్యూటీ ఆపలేదు మా పెద్దాయన," అని వాచ్‌మన్ నవ్వేవాడట. నవ్వి, మెట్ల వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడట.

ఆ రోజు జాబితాలో, కుట్టుపని చేసుకునే ఒకావిడ కేసు ఉంది. నంబరు రెండు వందల పదిహేడు. రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను. ఇంటి ఓనరు వెళ్ళగొడుతున్నాడని ఆవిడ కోర్టుకెక్కితే, మొదటి వాయిదాకే 'హాజరు కాలేదు' అని కొట్టేశారు. మళ్ళీ తెరవమని రాసుకుంది — 'నేను వచ్చాను. బల్ల మీదే కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.'

అందరూ రాసే మాటే. చదివి చదివి అక్కకు విసుగెత్తిపోయింది. కానీ ఈవిడ ఆ రోజు బస్సు టికెట్టు గుండుసూదితో గుచ్చి పంపింది. సాయంత్రం నాలుగూ యాభైకి కొట్టిన టికెట్టు. అది చూసి, 'ఒక్క అవకాశం ఇవ్వవచ్చు' అని అక్క నోటు రాసింది. ఆ ఒక్క అవకాశం ఈ సాయంత్రమే. ఇదీ పోతే మర్నాడు పదింటికి ఇంటికి తాళం.

ఆరూ నలభైకి ఆ కేసులోని పాత కాగితం ఒకటి కావాల్సొచ్చింది. అది కింద ఉంది. వాచ్‌మన్ తాళంచెవి ఇవ్వడానికి తెగ గింజుకున్నాడు.

"పొద్దున నేనే తెచ్చిస్తాను మేడమ్."

"పొద్దునకి ఆవిడ రోడ్డు మీదుంటుంది."

"అయితే... ఏం వినపడినా పలక్కండి," అన్నాడు గుసగుసగా. "నన్ను మాత్రం తోడు రమ్మనకండి. రిటైరవడానికి పదకొండు నెలలే ఉన్నాయి నాకు."

అక్క ఒక్కతే దిగింది. పైకప్పు దాకా కట్టలు. చీకటి... పాత కాగితాల వాసన. ఫోను వెలుతురులో ఆ కాగితం దొరికింది. ఫైల్లో పెట్టుకుని వెనక్కి తిరిగింది —

గరగరమని చప్పుడు. కట్టల వెనకనుంచి.

తర్వాత గొంతు.

"రెండు వందల... పదిహేడు."

అక్క చేతిలో ఉన్న ఫైలు అదే.  

"రెండు వందల పదిహేడు... అర్జీదారు ఉన్నారా..."

అంత భయంలోనూ ఒళ్ళు మండిపోయిందట. ఇన్ని మింగావు, ఇది కూడా కావాలా నీకు అని.

గొంతు మూడోసారి పిలిచింది. ఆగింది. ఎవరో దగ్గారు... ఆ తర్వాత ఇంకో గొంతు. మెత్తటిది. అక్క రోజూ వినేదే.

"రాలేదా? సరే, కొట్టేయండి. తర్వాతది?"

జడ్జి గారు.

అక్క కట్టలు పట్టుకుని లాగి కింద పడేసింది. వెనక గోడకు, దుమ్ము కొట్టుకుని, ఒక స్పీకరు.

రెండేళ్ళ కిందటి దాకా జనం కూర్చునే గది అదే. బల్లలు పైకి మార్చారు, స్పీకరు మార్చలేదు. ముసలాయన నోటితో పిలిచినన్నాళ్ళూ దాని సంగతి ఎవరికీ పట్టలేదు. ఆయన పోయాక గుమాస్తా ముందు ఒక మైకు పెట్టి, ఆ పాత స్పీకరు తీగకే కలిపారు. తలుపులు మూసిన కోర్టు గదిలో కూర్చుని, మర్యాదగా, మూడుసార్లు మైకులో పిలుస్తాడు. లాయర్లు లోపలే ఉంటారు. లాయరు లేనివాళ్ళను 'బయట కూర్చోండి, పిలుస్తాం' అంటారు. కూర్చుంటారు...

అక్క మెట్లు రెండేసి ఎక్కింది. కుట్టుపనావిడ బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితాల సంచి.

"ఇంకా పిలవలేదమ్మా," అంది.

అక్క లోపలికి వెళ్ళి జడ్జి గారిని బయటికి రమ్మంది. ఓనరు లాయర్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఆర్డరు చెప్పేశాను కదా," అన్నారాయన.

"చెప్పారండి. ఒక్క రెండు నిమిషాలు ఈ బల్లల దగ్గర నిలబడండి, చాలు." గుమాస్తాతో ఆ నంబరు మళ్ళీ పిలవమని చెప్పి, తలుపు తనే మూసింది.

జడ్జి గారు నిలబడ్డారు. ఫ్యాను తిరుగుతోంది. ఎవరి పిల్లాడో నిద్రలో మూలిగాడు. ఒక నిమిషం... రెండు నిమిషాలు.

"ఇంకెంతసేపు? పిలవమనండి," అన్నారు చిరాగ్గా.

తలుపు తీసుకుని గుమాస్తా వచ్చాడు.

"మూడుసార్లూ పిలిచానండి. ఎవరూ పలకలేదు. కొట్టేసినట్టే ఉంచనా?"

 జడ్జి గారు అతని చేతిలోని కాగితం లాక్కుని, నిలబడే తన ఆర్డరు రద్దు చేశారు. కుట్టుపనావిడను లోపలికి పంపించారు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఇలా... ఎన్ని పోయి ఉంటాయి?"

అక్క మెట్లెక్కుతూనే లెక్కేసుకుంది.

"ఎనిమిది నెలల్లో హాజరు కాలేదని కొట్టేసినవి అరవై ఒకటండి. లాయరున్నవి మూడు. మిగతా యాభై ఎనిమిది మందిలో, ఈవిడ కాక, పంతొమ్మిది మంది మళ్ళీ రాసుకున్నారు, మేం వచ్చాం, మమ్మల్ని పిలవలేదని."

"మరి వాటినేం చేశాం?"

"తగిన కారణం లేదని తోసేశామండి. పంతొమ్మిదింటికీ ఆ నోటు రాసింది నేనే."