ఎర్ర కారుకు మశూచి

కృష్ణవేణి కుర్చీలో కూర్చోకుండానే, "అయ్యా, నన్ను మీరే కాపాడాల" అంది. చీర కొంగు నిండా ఎర్ర రంగు మరకలు.

ప్రైవేట్ డిటెక్టివ్ యతిరాజులు పేపరు మడిచి పక్కన పెట్టాడు. తాతల నాటి నుంచి మద్రాసులో పాతుకుపోయిన తెలుగువాడు. ఎవరైనా ఏడిస్తే ఆయనకు విసుగు, అబద్ధమాడితే ఉత్సాహం.

"ఏడవకుండా చెప్పమ్మా. ఏం జరిగినాది?"

వడపళనిలో కార్లకు రంగులేసే షెడ్డు ఆమెది. భర్త పోయాక తనే నడుపుతోంది. నిర్మాత లక్ష్మీపతి తన తెలుగు సినిమా కోసం ఒక విదేశీ రేసుకారుకు నకలు చేయించాడు. పైన ఫైబర్ బాడీ, కింద పాత కారు ఇనప చట్రం. ఎన్నూరు దగ్గర కాలువ మీంచి అది ఎగిరి దూకాలి. దానికి అద్దంలా మెరిసే ఎరుపు కావాలన్నాడు. నిన్న సాయంత్రం కృష్ణవేణి ఆఖరి పూత వేసింది. రంగు ఆరకముందే కారంతా మశూచి వచ్చినట్టు గుంటలు పడ్డాయి. రేపే షూటింగు.

"నాసిరకం రంగేసినానని పోలీసు కేసు పెడతాడంటయ్యా. సినిమావోళ్లు ఎవురూ నా షెడ్డుకి రాకుండా చేస్తాడంట. ఇంక నేను బతికేదెట్ల?"

యతిరాజులు అసిస్టెంటు లయ, గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి, అప్పటికే చెప్పులేసుకుంది. ఆయన చెయ్యి పెట్టిన కేసు తేలకపోవడం ఆమె ఇంతవరకు చూడలేదు.

షెడ్డులో లక్ష్మీపతి కారు చుట్టూ రుసరుసలాడుతూ తిరుగుతున్నాడు.

"కారు నాశనం చేసింది చాలక డిటెక్టివ్‌ని కూడా తెచ్చిందా?"

"అరుపులు ఆపండి. కారు చూడాల" అన్నాడు యతిరాజులు.

గోడకు మూడు రేకు ముక్కలు ఆనించి ఉన్నాయి. ఒకటి పూర్తి మెరుపు, ఒకటి సగం మెరుపు, ఒకటి అసలు మెరుపు లేనిది. నిన్న ఉదయం కృష్ణవేణి నమూనాలుగా వేసినవి. మధ్యాహ్నం సినిమావాళ్లు ముగ్గురు వచ్చి చూశారు, వాళ్లలో ఇద్దరు మెరుపు వద్దని గొడవపెట్టారు. చివరికి లక్ష్మీపతి ఫోన్లోనే మెరుపు ఖాయం చేశాడు.

"మెరిసే ముక్క, కారు, రెండూ ఒకే డబ్బా రంగేనా?"

"ఒకే డబ్బా అయ్యా."

ముక్క నున్నగా ఉంది. కారు మీద గుంటలు చెల్లాచెదురుగా లేవు, వంపులు వంపులుగా ఉన్నాయి. బానెట్ మీది గాలి కంతల్లో వేలు కూడా పట్టదు. వాటి లోపల మాత్రం రంగు అద్దంలా ఉంది.

"పూతకు ముందు కారు తుడిచినావా?"

"అదో, ఆ గుడ్డని థిన్నర్‌లో తడిపి తుడిచినాను. నిన్న పొద్దున ఉతికి, ముక్కల పక్కనే ఆరేసుంటిని."

యతిరాజులు గుడ్డను లయకిచ్చి, పొద్దున్నుంచీ షెడ్డు దగ్గరే ఉన్న ఆ ముగ్గురినీ పిలిచాడు.

మొదట కెమెరామన్ కమల్. కొబ్బరినూనె రాసి నున్నగా దువ్విన జుట్టు.

"మెరుపు వద్దన్నది నువ్వేనా?"

"ముమ్మాటికీ నేనే. ఎండలో ఆ కారుని ఎటునుంచి తీసినా నా కెమెరాయే అందులో కనపడుతుంది. పాడైతే సంతోషం. కానీ నేను పాడుచెయ్యలేదు."

తర్వాత కారు తయారుచేసిన శ్రీకుమార్. చేతులకు నల్లటి గ్రీజు. "నేనూ వద్దనే చెప్పినాను సార్. మెరిస్తే ఫైబర్‌లో చిన్న వంకరైనా తెలిసిపోతాది. దానికని నేనే చెడగొడతానా?"

చివరగా భరణి. హీరోకు బదులు కారుతో దూకేది అతనే. మోకాలికి కట్టు, కుంటి నడక. ఘాటైన కర్పూరతైలం వాసనకు లయ ముక్కు చిట్లించింది.

"నీకు ఏ రంగు కావాలంటివి?"

"నాకెందుకు సార్ రంగు? దూకమంటే దూకుతాను."

"ఎప్పుడన్నా దూకనన్నావా?"

"అంటే మళ్లీ ఎవురు పిలుస్తారు?"

యతిరాజులు స్క్రూడ్రైవర్ అడిగి కారు కిందకి దూరాడు.

"ఆడేముంది సార్? చెడింది పైరంగు గదా!" శ్రీకుమార్ గొంతు పెరిగింది.

కింద గీకుతున్న శబ్దం వినిపించింది. బయటికొచ్చాక ఆయన గోళ్ల నిండా నల్లరంగు, లప్పం పొడి. లయని వేడినీళ్లు తెమ్మని, అందరినీ కారు చుట్టూ నిలబెట్టాడు.

"రంగులో దోషముంటే మెరిసే ముక్కా చెడాల. చెడలేదు. గుంటలు చెయ్యి తుడిచిన దారిలోనే ఉండాయి. గుడ్డ దూరని కంతల్లో లేవు. అంటే దోషం గుడ్డది. జిడ్డు మీద రంగు నిలవదు. జిడ్డున్నోళ్లు ముగ్గురు. శ్రీకుమార్ గ్రీజైతే గుడ్డ నల్లబడేది. ఇంక రెండు నూనెలు మిగిలినాయి."

గుడ్డను వేడినీళ్లలో ముంచాడు. పైకి జిడ్డు తేలింది. థిన్నర్ కంపులోంచి కర్పూరం వాసన ఘాటుగా లేచింది. అందరూ భరణి మోకాలి వైపు చూశారు.

"నువ్వా!" లక్ష్మీపతి మీదికురికాడు. "ఇక ఈ ఊళ్లో నీకు పని పుడితే చూడు!"

"నిల్లండి" అన్నాడు యతిరాజులు. "ఎందుకు చేసినాడో అడగరా? కింద చట్రం అతుకులు చూడండి. ఆడొక చుక్క, ఈడొక చుక్క వెల్డింగు. సందులన్నీ లప్పంతో పూడ్చి నల్లరంగు కొట్టినారు. కాలువ దాటి దిగినాక ఈ కారు రెండు ముక్కలు. నీకు తెలుసు గదా, భరణీ?"

భరణి తలొంచుకున్నాడు. "తోలి చూసినప్పుడే తెలిసింది సార్. మలుపులో చట్రం మూలిగింది. చెప్తే పిరికోడంటారు, ఇంకోణ్ణి ఎక్కిస్తారు. రంగు చెడితే షూటింగు ఆగతాదని..."

"అబద్ధం! నా పని గట్టిది!" అరిచాడు శ్రీకుమార్.

"మంచిది." యతిరాజులు డ్రైవర్ పక్క తలుపు తీశాడు. "కూర్చో. రేపు నువ్వే దూకు."

శ్రీకుమార్ కదల్లేదు. లక్ష్మీపతి అతన్నీ కారునీ మార్చి మార్చి చూశాడు. కేసు మాట మళ్లీ ఎత్తలేదు.

భరణి కృష్ణవేణి ముందుకొచ్చాడు. "తప్పైపోయింది అక్కా. నీ పేరు పోతాదని తోచలేదు."

ఆమె అతని చెంప ఛెళ్లుమనిపించింది. లయ అడ్డం వెళ్లబోతే యతిరాజులు చెయ్యి పట్టి ఆపాడు.

"పొద్దున్నుంచీ నా బతుకు పోయిందని ఏడస్తా ఉండాను. చూస్తా నిలబడినావు గదరా!" అంది కృష్ణవేణి. "నాతో ఒక్క మాట చెప్పుంటే ఆ కారుకి నేను రంగే వేసుండను."