మైలోడికి వినపడని దండోరా

సంత నుంచి ఖాళీ బండి తిరిగొస్తోంది. పగ్గాలు మరిడమ్మ చేతిలో ఉన్నాయి. పదేళ్ల పిల్ల. వెనకాల, ఎండుచేపలు అమ్మేసిన ఖాళీ గోనెల మీద వాళ్ల అయ్య పల్లంరాజు నడుం వాల్చాడు.

"ఎదురు బండొస్తే నన్ను లేపవే అమ్మా," అన్నాడు కళ్లు మూస్తూ. "కొత్త పద్ధతి మనకి తెలిసింది గానీ ఎద్దులకి తెలీదు."

మొగల్తూరు వెళ్లే ఆ గట్టుకి ఎడమ పక్క కాలవ, కుడి పక్క చేలు. ఇన్నాళ్లూ ఖాళీ బండే చేలవైపు తప్పుకునేది. బరువు బండి తిన్నగా పోయేది. మొన్న దండోరా వేశారు. బరువైనా ఖాళీ అయినా, ఇకనుంచి ఎవరి ఎడమ పక్కకి వాళ్లు తప్పుకోవాలట.

ఎదురుగా బంగార్రాజు ధాన్యం బండి వచ్చింది. మరిడమ్మ వెనక్కి చూసింది. అయ్య గురకపెడుతున్నాడు. ఈమాత్రానికి లేపడం దేనికనుకుంది. ఎడమ పగ్గం లాగింది.

కాలవవైపు కట్టిన మైలోడు ముసలి ఎద్దు. ఎదురు బండి కనపడగానే చేలవైపు తిరిగాడు. జోడెద్దు పుల్లోడూ అటే ఒరిగాడు. బంగార్రాజు తన ఎడమ పక్కకని అప్పటికే చేలవైపు తప్పుకున్నాడు; రెండు బండ్లూ ఎదురెదురుగా ఆగిపోయాయి.

"ఏమే పిల్లా! మీ ఎద్దుకి చెవుడా ఏంటి? దండోరా వినలేదా?" అని నవ్వాడు బంగార్రాజు.

మరిడమ్మకి రోషం వచ్చింది. ములుకోలతో మైలోడిని పొడిచింది. కదల్లేదు. ఈసారి గట్టిగా పొడిచింది. మైలోడు ఎడమకి ఎగిరాడు. గట్టు అంచు విరిగింది. కాడికి కట్టిన తాడు తెగి, వాడు కాలవలోకి జారిపోయాడు.

కుదుపుకి పల్లంరాజు లేచాడు. అతనూ బంగార్రాజూ కలిసి మైలోడిని పైకి లాగారు. ముందుకాలు విరిగింది.

"నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు బంగార్రాజు.

ఇంటి దగ్గర వెదురుబద్దలు పెట్టి కాలికి కట్టు కట్టారు. మైలోడు లేవలేదు. మరిడమ్మ పచ్చగడ్డి కోసుకొచ్చి నోటి దగ్గర పెట్టింది. వాసన చూసి వదిలేశాడు.

"అయ్యా, నన్ను కొట్టవా?"

"నిన్ను కొడితే వాడు లేస్తాడంటే కొడుదునే. మనం నేర్పిందే చేశాడమ్మా వాడు."

మర్నాటి పొద్దున మైలోడు చచ్చిపోయాడు. పుల్లోడు కుడితి ముట్టలేదు.

మళ్లీ సంతకి బాబాయి ఎద్దుని అడిగి తెచ్చుకున్నారు. పుల్లోడిని మైలోడి చోట కట్టారు. తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఎదురు బండి కనపడింది. పుల్లోడు ఆగిపోయాడు. కాలవవైపు అడుగు వెయ్యనంటున్నాడు.

"ఒక్కటి తగిలించండి, అదే కదులుతుంది!" అని అరిచాడు ఎదుటి బండివాడు.

మరిడమ్మ బండి దిగింది.

"కాస్త ఆగండి బాబూ. వీడింకా నేర్చుకుంటున్నాడు."

కాలవ అంచుకి తను నడిచి, పుల్లోడి మెడ మీద చెయ్యి వేసింది.

"రారా. ఇటు నేనున్నాను."

పుల్లోడు ఒక అడుగు వేశాడు. ఆమె కూడా ఒక అడుగే వేసి, ఆగింది.